గాజు గదిలో బిడ్డ, వరండాలో తల్లి
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉప సంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపు లెక్కలు, స్త్రీనిధి వాయిదాలు పొద్దుటి నుంచి వింటానే ఉన్నారు. మేము ఒక్క సంగతే మాట్లాడి దిగిపోతాం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఆ బిడ్డ తల్లీ తండ్రీ ఎక్కడ ఉండాలి అన్నదే ఆ సంగతి.

మన ఊళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. కాన్పు ముందే అయింది, బిడ్డ కిలోన్నర కూడా లేదు అనగానే సత్తెనపల్లికో, నరసరావుపేటకో, గుంటూరుకో పరుగు పెడతాం. బిడ్డను గాజు గది లోపలికి తీసుకెళ్తారు. తల్లి పచ్చి బాలింత, ఎక్కడో ఇంకో వార్డులో ఉంటది. తండ్రి బయట చెట్టు కింద, నాయనమ్మ వరండాలో సంచులకు కాపలా. సంతకం పెట్టమంటే పెడతారు, మందు తెమ్మంటే తెస్తారు. నాలుగు రోజులు గడిచేసరికి మిరపకోతలు గుర్తొస్తాయి, ఇంటి దగ్గర వదిలేసి వచ్చిన పెద్దపిల్ల గుర్తొస్తుంది. తండ్రి ఊరికొచ్చేస్తాడు. తల్లిని కూడా తీసుకొచ్చేసి, "డాక్టర్లు చూసుకుంటార్లే" అనుకుంటారు.

డాక్టర్లు చూసుకుంటారు, కాదనం. సూది, సెలైను, ఆక్సిజన్ వాళ్ల పని. అయితే ఒక్కో నర్సమ్మ చేతిలో ఎంతమంది పసిగుడ్లు ఉంటారో మీరే చూసుంటారు. బిడ్డకు రెండు గంటలకోసారి పాలు పట్టాలి, తడిసిన గుడ్డ మార్చాలి, ఒళ్లు చల్లబడకుండా చూడాలి. ఈ పనులకు తల్లికన్నా మనసు పెట్టే మనిషి ఎవరు దొరుకుతారు?

ఇది మా సొంత మాట కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే కుటుంబ భాగస్వామ్యంతో సంరక్షణ అని మార్గదర్శకాలు ఇచ్చింది. దాని ప్రకారం జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో ఉండే నవజాత శిశువుల వార్డులోకి, అంటే మనందరం ఎస్‌ఎన్‌సీయూ అనే దానిలోకి, తల్లినీ తండ్రినీ రానివ్వాలి. ఊరికే రానివ్వడం కాదు, నేర్పించి రానివ్వాలి. చేతులు ఎట్టా కడుక్కోవాలి, గౌను ఎట్టా వేసుకోవాలి, పాలు ఎట్టా పట్టాలి, బిడ్డను ఛాతీ మీద ఎట్టా పెట్టుకోవాలి, ఇంటికెళ్లాక ఎట్టా చూసుకోవాలి, ఇవన్నీ నాలుగు పాఠాలుగా చూపిస్తారు. ఈ పద్ధతి ముందు ఢిల్లీలో రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో నడిచింది. ఇంట్లోవాళ్లను లోపలికి రానిస్తే క్రిములు వస్తాయని అందరికీ భయం. ఆ ఆసుపత్రి డాక్టర్లే లెక్క తీసి చూస్తే, ఇన్ఫెక్షన్లు ఏమీ పెరగలేదు. పైగా ఇంటికెళ్లే నాటికి తల్లిపాలే తాగుతున్న బిడ్డలు వందకు 80 మంది తేలారు. ఇంట్లోవాళ్లను రానివ్వని వైపు 67 మందే.

ఛాతీ మీద పెట్టుకోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దీన్ని కంగారూ పద్ధతి అంటారు. కంగారూ అనే జంతువు పిల్లను పొట్ట సంచిలో పెట్టుకు తిరుగుతుంది కదా, ఆ పేరు. 1978లో కొలంబియా దేశం బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు తల్లుల ఒంటి వేడినే వాడుకున్నాడు. లేమిలో పుట్టిన వైద్యం ఇది. బిడ్డకు టోపీ, మేజోళ్లు, కింద గుడ్డ తప్ప ఇంకేమీ ఉండకూడదు. తల్లి రవిక ముందు విప్పి, రొమ్ముల మధ్య బిడ్డను నిలువుగా, కప్ప కాళ్లు ముడుచుకున్నట్టు ఆనించి, తల ఒక పక్కకు తిప్పి, మెత్తటి పాత చీరతో కట్టాలి. ఒకసారి పెట్టుకుంటే గంటకు తగ్గకూడదు. రోజుకు ఎనిమిది గంటలు, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పెద్ద పరిశోధన ఫలితం బయటపెట్టింది. ఆఫ్రికాలో నాలుగు దేశాలు, మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, మూడు వేల మందికి పైగా పసిబిడ్డలు. అందరూ కిలోకు పైన, కిలో 800 గ్రాముల లోపు. బిడ్డ కుదురుకునేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఛాతీ మీద పెట్టుకున్న చోట నెల లోపల చనిపోయినవాళ్లు వందకు 12 మంది. పాత పద్ధతిలో దాదాపు 16 మంది. తేడా అంత స్పష్టంగా ఉందని పరిశోధన మధ్యలోనే ఆపేశారు. వందకు నలుగురు బిడ్డలు, అక్కా! అందుకే అక్కడ తల్లి మంచం, బిడ్డ మంచం ఒకే గదిలో వేశారు.

మగవాళ్లు కూడా పెట్టుకోవచ్చు. తల్లికి ఆపరేషన్ అయి లేవలేకపోతే తండ్రి ఛాతీ మీద పెట్టుకుంటే చాలు, వేడి వేడే. మన మండలంలోనే ఒక సభ్యురాలి కొడుకు అట్టా పెట్టుకు కూర్చుంటే, చూసిన బంధువులు నవ్వారంట. వారం తర్వాత ఆ బిడ్డ బరువు చూసి నవ్వు ఆగిపోయింది.

ఇక మన అడ్డంకుల సంగతి. "ఏడో నెల బిడ్డ బతుకుద్ది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అనే మాట ఇంకా వింటున్నాం. అబద్ధం. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమే. పురిటి మైల అని పదకొండు రోజులు తండ్రిని దూరం పెట్టడం ఇంకోటి. ఆ పదకొండు రోజులే బిడ్డకు గండం. మైల తర్వాత కడుక్కోవచ్చు. ముర్రుపాలు పిండి పారబోయడం, తేనె నాకించడం, ఇవీ ఆపాలి. 34 వారాల లోపు పుట్టిన బిడ్డ చప్పరించలేదు కాబట్టి తల్లిపాలే పిండి ముక్కు గొట్టంతోనో ఉగ్గుగిన్నెతోనో పడతారు. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నే, శుభ్రంగా మరగబెట్టి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి కూలి. ఇది నిజాయితీగా ఒప్పుకోవాలి. 2011 నుంచి జననీ శిశు సురక్ష కింద సర్కారు ఆసుపత్రిలో జబ్బు చేసిన పసిబిడ్డకు మందులు, పరీక్షలు, రక్తం, రానుపోను బండి ఉచితం. కానీ తల్లి పక్కన తోడున్న మనిషి అన్నం ఖర్చు, పోయిన కూలి ఎవరిస్తారు? నెల రోజులు ఉండాల్సిన చోట పది రోజులకే చెప్పకుండా బిడ్డను తెచ్చేసుకుంటున్నారంటే కారణం ఇదే. ఇక్కడ డాక్టరు చేయగలిగింది ఏమీ లేదు. సంఘం చేయగలదు.

అందుకని మేము సభ ముందు పెడుతున్న తీర్మానం ఇది. నెలలు నిండని బిడ్డ ఉన్న ఇంటికి సంఘం అంతర్గత అప్పు మీటింగు కోసం ఆగకుండా అదే రోజు ఇవ్వాలి. బిడ్డ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు ఆ సభ్యురాలి వాయిదాకు గడువు ఇవ్వాలి. ఇంటి దగ్గర పిల్లలకు, గొడ్లకు సంఘం సభ్యులు వంతులేసుకోవాలి.

ఆసుపత్రిలో "మీరు లోపలికి రాకూడదు" అంటే గొడవ పడొద్దు. "మాకు నేర్పండి, చేతులు కడుక్కుని వస్తాం" అని అడగండి. ఇంటికి పంపేటప్పుడు మళ్లీ ఎప్పుడు రావాలో రాయించుకోండి. రెండు కిలోల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన బిడ్డకు నెల తిరిగేలోపు కంటి పరీక్ష చేయించాలి, లేకపోతే చూపు పోయే ప్రమాదం ఉంది. బిడ్డ పాలు తాగకపోయినా, అరికాళ్లు చల్లబడినా, ఎగశ్వాస వచ్చినా అర్ధరాత్రి అయినా సరే 108కి ఫోన్ చేయండి.

ప్రతి గ్రామ సంఘం ఇద్దరి పేర్లు ఇవాళే ఇవ్వాలి. ఆసుపత్రిలో తల్లికి తోడు వెళ్లేది ఒకరు, ఇంటి దగ్గర చూసుకునేది ఒకరు. ఆ ఇద్దరి ఫోన్ నంబర్లు ఆశా కార్యకర్త నంబరు పక్కనే సంఘం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పేర్లు రాసే పుస్తకం ఇక్కడ బల్ల మీదే ఉంది.