కానుగ చెట్లు వంగిన కథ



హక్కుల గురించి మాట్లాడమంటారనుకున్నాను. కథల గురించి మాట్లాడమన్నారు. న్యాయవాదికి ఇదేమీ కొత్త విషయం కాదు. ప్రతి దావాలోనూ వాదికొక కథ, ప్రతివాదికొక కథ ఉంటాయి. ఏది నమ్మదగినదో తేల్చడం చుట్టూనే మా బ్రతుకుతెరువంతా తిరుగుతుంది. అయితే న్యాయస్థానపు పరీక్షకు నిలువని కథలు కొన్ని తరతరాలుగా మనుషులను నిలబెట్టాయి. అటువంటి దానినొకదానిని మీ ముందుంచుతాను.

తమిళనాడు దక్షిణ జిల్లాలలో తొట్టియ నాయకులు, రాజకంబళత్తారు అని పిలువబడే తెలుగువారున్నారు. 1799లో ఆంగ్లేయులు కయత్తారులో ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మన వారివాడే. వారి వలస కథను థర్‌స్టన్, రంగాచారి 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో నమోదు చేశారు. ఉత్తరాదిన ముసల్మాను పాలకులు తమ ఆడపడుచులపై కన్నువేయగా, వీరి పూర్వులు దక్షిణానికి పారిపోయి వచ్చారట. దారిలో ఏరు అడ్డమైంది. దాటే మార్గం లేదు. అప్పుడు ఇరుగట్ల మీది కానుగ చెట్లు రెండూ ఏటిపైకి వంగి వంతెన అయ్యాయట! నాటి నుండి కానుగ వారికి పూజ్యం.

చరిత్ర చెప్పేది వేరు. పదహారవ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టిన తరువాత తెలుగు సేనానులు పాళెగాండ్రయ్యారు. వారి వెంట రైతులు నల్లరేగడి నేలలకు చేరారు. కొందరు అధికారం కొరకు, కొందరు భూమి కొరకు, మరికొందరు కేవలం బ్రతుకు కొరకు వచ్చారు. అయినా అవ్వలు మనవలకు ఈ సైన్యాల సంగతి చెప్పలేదు. ఆడపిల్లను, ఏటిని, చెట్టును చెప్పారు. ఎందుకంటే ఊరు విడిచిన మనిషిని వేధించే ప్రశ్న “ఎప్పుడు వచ్చితిమి?” అన్నది కాదు. “ఎందుకు వచ్చితిమి? ఈ నేలకు మనం కావలసినవారమేనా?” అన్నది. ఆడబిడ్డ గౌరవం కొరకు వచ్చామని, పరాయి నేల మీది చెట్టే చేయందించిందని ఆ కల్పన సమాధానమిచ్చింది. పట్టా కాగితం ఇవ్వలేని ధైర్యమది. ఇక తరిమినవారు పరమతస్థులన్న మాట: అది ఒకనాటి భయం ధరించిన రూపం. దానిని నేటి పొరుగువారిపై అభియోగపత్రంగా చదవరాదు.

ఇటువంటి వలస కథనే కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా వ్రాశారు. అందులో తమవారి రాకను చెప్పేది నూరేళ్ళు దాటిన ఒక ముదుసలి. దాని కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2021లో ఆయన కన్నుమూశారు. ఇంట తెలుగు మాట్లాడిన ఆ మహారచయిత వ్రాసినది తమిళంలో. ఆయనను తప్పుపట్టేవారిని నేను చూచాను. నేను వారితో ఏకీభవించను. తమిళ పాఠకులు మన పూర్వుల కష్టాన్ని తమ కష్టంగా చదువుకున్నారంటే అది ఆ కలం చలవే. కాని మన పిల్లలు తమ అవ్వ కథను అవ్వ మాటలో వినలేక తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో మాత్రమే తెలుసుకొనే రోజు వస్తే, కథ మిగులుతుంది; దానిని చెప్పిన గొంతు మిగలదు.

ఇక్కడ చట్టం ఒక మాట చెప్పింది. రాజ్యాంగం 29వ అధికరణం ప్రత్యేకమైన “భాష, లిపి లేదా సంస్కృతి” గల ఏ పౌర సముదాయానికైనా వాటిని కాపాడుకొనే హక్కు ఇచ్చింది. ఆ “లేదా” అన్న పదం చిన్నదే గాని బరువైనది. 1971లో డి.ఏ.వి. కళాశాల కేసులో సుప్రీంకోర్టు, భాషా అల్పసంఖ్యాకులకు ప్రత్యేకమైన మాట్లాడే భాష ఉంటే చాలునని, ప్రత్యేక లిపి ఉండి తీరాలన్న నియమం లేదని స్పష్టం చేసింది. కాబట్టి “మా పిల్లలకు తెలుగు చదవడం రాదు, ఇక మేమెక్కడి తెలుగువారం?” అని తలదించుకొనే తల్లిదండ్రులకు మనవి: ఇంట పలుకుతున్న భాష చట్టం కంట భాషే. ప్రాథమిక విద్య మాతృభాషలో అందేందుకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెప్పే 350-ఏ అధికరణం 1956 నుండి ఉన్నది. దాని అమలుకై మన వినతిపత్రాలు సాగవలసిందే. అవి ఫలించేలోగా అవ్వలు ఆగరు.

అందువలన ఇంటికి వెళ్ళిన తరువాత పెద్దలను కూర్చోబెట్టి మీ ఊరికి మీవారు ఎట్లా వచ్చారో చెప్పించండి. చేతిలోని ఫోనే చాలు. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసిపెట్టండి. ఆంధ్రకు వెళితే బంధువులు “ఇదేం తెలుగు?” అని నవ్విన యాసనే యథాతథంగా ఉంచండి, దిద్దకండి. తరువాత అదే కథను పిల్లలచేత చెప్పించండి. వారి నోట కానుగ వేపచెట్టు కావచ్చు, గుర్రాల స్థానంలో మోటారుబండ్లు రావచ్చు. మధ్యలో అడ్డుపడకుండా, ఏరు దాటేవరకు చెప్పనివ్వండి.