పేరు పోతే హక్కు పోతది
(వాకాడులో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మేము తెలంగాణ నుంచి ఈ స్వర్ణముఖి ఒడ్డుకు వచ్చినం. మీకు నేర్పెతందుకు కాదు. మీ నెల్లూరు సీమ కథ ఒకటి మా ఊళ్ళల్ల కూడ పాడుతరు. ఆ చుట్టరికం యాది చేసుకుందామని వచ్చినం.

అది కాటమరాజు కథ. 13వ శతాబ్దంల నెల్లూరు నేలిన మనుమసిద్ధికి, ఆవుల మందలు తోలుకొచ్చిన కాటమరాజుకు పుల్లరి కాడ తగువు పడ్డది. పాలేటి ఒడ్డున యుద్ధం జరిగింది. రాజు దిక్కు ఖడ్గతిక్కన నేలకొరిగిండు. ఆ కథను పుస్తకం కన్న ముందు నోటి మీద మోసినవాళ్ళకు మీ దిక్కు కొమ్ములవారని పేరు. కొమ్ము ఊది గొల్లలకు కథ చెప్పేవాళ్ళు. మా దిక్కు ఆ పని చేసేవాళ్ళు మందెచ్చులు. కథ ఒకటే, పేర్లు రెండు.

ఈ పేర్లు ఊరికె రాలేదు. పంబ వాయించి అంకమ్మ కథ చెప్తే పంబలవారు. ఒగ్గు పట్టి మల్లన్న కథ చెప్తే ఒగ్గువాళ్ళు. పల్నాటి వీరుల కథ పాడేవాళ్ళు వీరవిద్యావంతులు. చూడుండ్రి, బడి గడప తొక్కనియ్యని కులపోళ్ళను జనం విద్యావంతులన్నరు! పద్మశాలీలకు కూనపులి, మాదిగలకు డక్కలి. ఎవరు ఎవరికి కథ చెప్పాలె, ఎవరింట్ల కట్నం తీసుకోవాలె అన్నది పేరుతోనే తెలుస్తది. అది బిచ్చం కాదు, మిరాశి.

కొలువుల్ల రాజులను పొగిడిన వందిమాగధులకు, భట్రాజులకు కావ్యాల్ల చోటు దొరికింది. ఊరూరు తిరిగినవాళ్ళకు వాళ్ళ పేరే చరిత్ర. పక్క తమిళనేల పాణర్లయినా, పశ్చిమాఫ్రికా గ్రియోలయినా అంతే: పాటగాని పేరు పోతే ఊరి యాది పోతది.

ఇగ అసలు మాట. జంగం కథను 1940లల్ల ప్రజానాట్యమండలి బుర్రకథ చేసి ఉద్యమానికి వాడుకున్నది. గొప్ప పని. షేక్ నాజర్‌కు 1986ల పద్మశ్రీ వచ్చింది, సంతోషం. మరి తరతరాలు ఆ కథ మోసిన బుడగ జంగాలకు ఏమొచ్చింది? షెడ్యూల్డు కులాల పట్టికల వాళ్ళ పేరు పక్కన 2002 సవరణ చట్టం ఒక బ్రాకెట్ పెట్టింది. అండ్ల తెలంగాణ పది జిల్లాల పేర్లే ఉన్నయి. అదే తంబుర, అదే కథ, అదే ఆకలి. కానీ ఇటు దిక్కు పిల్లలకు సర్టిఫికెట్ లేకుండ పోయింది.

మా దిక్కు పేరున్నదని మేము సంబురపడుతలేము. అస్తిత్వం కోసం కొట్లాడి 2014ల రాష్ట్రం తెచ్చుకున్నోళ్ళం, ఇంకొకరి పేరు చెరిగిపోతుంటే చూసుకుంట ఎట్ల కూసుంటం?

విద్యార్థి మిత్రులారా, మీ ఊరికొచ్చే పాటగాని దగ్గర కూసోండ్రి. ఆయన తనను తాను ఏమని పిలుచుకుంటడో, ఏం వాయిస్తడో, ఎవరికి చెప్తడో రాసుకోండ్రి. ఉద్యోగ మిత్రులారా, కులం గడి మీ చేతుల ఉన్నది. అండ్ల యాచకుడని రాసే ముందు ఒక్కసారి ఆయననే అడుగుండ్రి.

ఆయన పేరు ఆయనే చెప్తడు. మనం సక్కగ రాస్తే చాలు.