పిల్లల ఫోనుకు తాళం వేస్తే చెవి ఎవరి దగ్గర?



మొన్న మా బడిలో తల్లిదండ్రుల సమావేశం ముగిసిన తరువాత ఒక తండ్రి అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరకు వచ్చాడు. హోసూరు పక్కన గులాబీ తోటల్లో పని. కూతురు తొమ్మిదో తరగతి. జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టి, "పిల్లలు చెడ్డవి చూడకుండా చేసే యాప్ ఏదో ఉందంట టీచరమ్మా, పాప ఫోన్లో మీరే వేసిచ్చేయండి. అసలు ఇట్లాంటివి గవర్నమెంటే అన్ని ఫోన్లలో వేసి పంపిస్తే మాకీ బాధ ఉండదు కదా" అన్నాడు.

ఆయన భయం నిజమైనదే. తాను చదవలేని పెట్టె ఒకటి కూతురి చేతిలో ఉంది. కాని రెండో మాట దగ్గర నేను కొంచెం ఆగాను. ప్రభుత్వమే వేసి పంపిన దేశం ఒకటి ఉంది. అక్కడ ఏం జరిగిందో మీకు చెప్పాలనే ఈ ప్రసంగం.

ఆ దేశం దక్షిణ కొరియా. 2015 ఏప్రిల్‌లో అక్కడ ఒక నియమం అమలులోకి వచ్చింది. పందొమ్మిదేళ్ళు నిండని వారి పేరిట ఫోను ఇచ్చేటప్పుడు, హానికరమైన విషయాలను అడ్డుకునే ఏర్పాటు అందులో ఉండేలా టెలిఫోను కంపెనీలు చూడాలి. పిల్లలు దాన్ని తీసివేస్తే తల్లిదండ్రులకు తెలియజేయాలి. మాకు వద్దు, మా పిల్లల సంగతి మేం చూసుకుంటాం అని చెప్పే వీలు తల్లిదండ్రులకు ఆనాడు లేదు. ఇందుకోసం ప్రభుత్వ సొమ్ముతో తయారైన యాప్‌లలో పేరు పొందినది 'స్మార్ట్ షెరిఫ్'. షెరిఫ్ అంటే అమెరికా పల్లెల్లో శాంతిభద్రతలు చూసే అధికారి. పేరులోనే పోలీసు ఉన్నాడన్నమాట.

ఆ పోలీసు సంచిలో ఏముందో చూద్దామని కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ, మరికొందరు నిపుణులు కలిసి యాప్‌ను విప్పి పరీక్షించారు. అదే ఏడాది సెప్టెంబరులో నివేదిక వెలువడింది. ఇరవై ఆరు లోపాలు బయటపడ్డాయి. పిల్లల వివరాలు సరైన రహస్య లిపిలోకి మారకుండానే ప్రయాణిస్తున్నాయి. దారిలో కాపు కాసినవాడు వాటిని చదువుకోవచ్చు. తల్లిదండ్రుల పాస్‌వర్డులు బయటివారికి చిక్కే వీలుంది. తెలిసినవాడు తలుచుకుంటే దూరం నుంచే పిల్లల ఫోను పనిచేయకుండా చేయవచ్చు. పిల్లల్ని కాపాడమని పెట్టిన కావలివాడు ఇంటి తలుపులు తీసి కూర్చున్నాడు! ఆ సంవత్సరం చివరికి ఆ యాప్‌ను ఉపసంహరించారు. తరువాత 2017లో అదే పరిశోధకులు మరో యాప్‌ను పరీక్షించి, అది పేరు మార్చుకున్న పాత యాప్ అనీ, పాత జబ్బులు చాలావరకు అలాగే ఉన్నాయనీ తేల్చారు.

ఇవి సాంకేతిక లోపాలే కదా, సరిచేసుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. ఒప్పుకుంటాను. లోపం లేకుండా పనిచేసే యాప్ సంగతే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఆ రోజుల్లోనే కొరియాలో పిల్లలు పంపే సందేశాల్లో కొన్ని మాటలు కనబడితే తల్లిదండ్రులకు కబురు చేసే యాప్ ఉండేది. దాని జాబితాలో వెయ్యికి పైగా మాటలు. వాటిలో బూతులు ఉన్నాయి సరే. ఒంటరితనం, దిగులు, గర్భం, నెలసరి, విడాకులు కూడా ఉన్నాయి. ఒక పిల్ల స్నేహితురాలితో "నాకెవరూ లేరు" అని చెప్పుకుంటే ఆ మాట కూడా కబురుగా వెళుతుంది.

ఇక మన మాటల సంగతి ఆలోచించండి. మా ప్రాంతంలో పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, సరిహద్దు దాటితే కన్నడం మాట్లాడతారు. ఫోన్లో ఈ మూడింటినీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. తెలుగింట్లో తల్లి పొద్దున లేస్తూనే "నన్ను చంపక తినరా" అంటుంది. పిల్లవాడు "ఆకలితో చచ్చిపోతున్నా" అంటాడు. పరీక్ష రాసి వచ్చినవాడు "చచ్చాంరా" అని స్నేహితుడికి సందేశం పెడతాడు. మాటల జాబితా పట్టుకు కూర్చున్న యంత్రానికి మన ఊళ్ళలో రోజుకు వంద హత్యలు, రెండు వందల ఆత్మహత్యలు కనబడతాయి. నిజంగా చావాలనుకున్న పిల్ల మాత్రం బహుశా "ఏం లేదు, బాగానే ఉన్నా" అని రాస్తుంది.

నవ్వులాటకు చెప్పడం లేదు. కొన్నేళ్ళ కిందట నా తరగతిలో ఒక అమ్మాయి ప్రార్థన వేళ కళ్ళు తిరిగి పడిపోయింది. మొహం పాలిపోయి ఉంది. విచారిస్తే మూడు నెలలుగా నెలసరి సమయంలో రక్తం విపరీతంగా పోతోందట. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే చాలాసేపటికి నోరు విప్పింది. మొదట్లో ఫోన్లో ఆ విషయం వెతికింది. ఇంట్లోవాళ్ళు ఏదో కంపెనీ కాపలా యాప్ వేసి ఉన్నారు. అది వెంటనే మేనమామ ఫోనుకు వార్త పంపింది. ఇంట్లో పెద్ద గొడవ అయింది. ఆ తరువాత ఆ పిల్ల ఫోన్నీ అడగలేదు, మనుషుల్నీ అడగలేదు. డాక్టరు దగ్గరకు తీసుకుపోయేసరికి ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయి ఉంది.

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 69-ఎ సెక్షను కింద ప్రభుత్వం కొన్ని వెబ్‌సైట్లను, యాప్‌లను ఆపించగలదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను ఆపింది ఆ అధికారంతోనే. అందులో మంచిచెడ్డలు ఎలా ఉన్నా, అది దారిలో వేసిన అడ్డుకట్ట. ఫోను లోపల కూర్చునేది వేరు. అది మన పెరట్లో, పడకగదిలో కాపురం పెట్టిన కావలివాడు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ హక్కు పెద్దవాళ్ళకే అని అందులో ఎక్కడా లేదు.

2025 నవంబరు చివరలో కేంద్ర టెలికాం శాఖ, కొత్త ఫోన్లన్నిటిలో 'సంచార్ సాథీ' యాప్ ముందే వేసి ఉండాలని తయారీదారులకు ఆదేశం ఇచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది వడపోత యాప్ కాదు. పోయిన ఫోనును పనిచేయకుండా చేయడానికీ, మన పేరుతో ఇంకెవరైనా సిమ్ తీసుకున్నారేమో చూసుకోవడానికీ పనికొచ్చేది. నేనూ వాడాను. అయినా తప్పనిసరి అనేసరికి దేశమంతా అభ్యంతరం లేచింది. డిసెంబరు 3న ఆ తప్పనిసరి నిబంధనను ఉపసంహరించారు. ఇష్టపడి వేసుకున్నదానికీ, అడగకుండా వేసి పంపినదానికీ ఎంత తేడా ఉందో జనం బాగానే కనిపెట్టారు.

కొరియా వారిదే ఇంకో ముచ్చట. 2011 నవంబరు నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా కంప్యూటరు ఆటలు ఆడకూడదని చట్టం చేశారు. పిల్లలు చక్కగా అమ్మానాన్నల గుర్తింపు సంఖ్యలతో ఆడుకున్నారు. 2022 జనవరిలో ఆ చట్టం పోయింది.

సరే, మా తోటమాలి దగ్గరకు వస్తాను. ఆయన్ని వట్టి చేతులతో పంపడం న్యాయం కాదు కదా. మర్నాడు కూతురిని కూడా పిలిపించాను. ప్లే స్టోరులో వయసును బట్టి యాప్‌లకు హద్దు పెట్టి, దానికి పిన్ నంబరు పెట్టుకోవచ్చు. గూగుల్ వెతుకులాటలో అసభ్యమైనవి రాకుండా 'సేఫ్ సెర్చ్' అనే ఏర్పాటు ఉంది. రెండూ అప్పటికే ఆ ఫోన్లో ఉన్నవే. కొత్త యాప్ అక్కరలేదు, ఎవరికీ కబుర్లు పోవు. ఏది మూస్తున్నామో, ఎందుకు మూస్తున్నామో ఆ పిల్ల కళ్ళ ముందే చెప్పి చేశాను.

"నేనేం వెతికినానో నాన్నకు తెలుస్తుందా టీచర్?" అని అడిగింది.

తెలియదమ్మా అన్నాను. తండ్రి ఒక నిమిషం ఏమీ అనలేదు. తరువాత పిన్ నంబరు కొట్టడానికి ఫోను అందుకుని, అంకెలు కనబడక దూరంగా పట్టుకుని, మళ్ళీ కూతురి చేతికే ఇచ్చి, "నువ్వే కొట్టు పాపా, నేను చెప్తా" అన్నాడు.