కమిలిన దెబ్బ - మానేటప్పుడు వచ్చే దురద
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువును గురించి మాట్లాడమని పెద్దలు మమ్మల్ని కోరారు. ఈసారి చర్మాన్ని గురించి రెండు మాటలు మనవి చేసుకొంటాము. మేము డాక్టర్లము కాము, ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనేవారము. అయితే పిల్లవాడు బడికి రాకపోతే కారణం వెదకవలసింది మేమే గదా!

ఆ మధ్య ఐదో తరగతి కుర్రవాడొకడు ట్రాక్టరు తొట్టి మీదనుంచి జారిపడ్డాడు. మోకాలి కింద నల్లగా కమిలింది. నానీ పసుపూ సున్నమూ పట్టు వేసింది. ఆ తర్వాత ఎవరో చెప్పగా నల్లజీడి నూనె రాసింది. కమిలిన మచ్చ పచ్చబడే వేళకు దాని చుట్టూ ఎర్రని పొక్కులు, పట్టరాని దురద. "చెడు రక్తం బయటికి పోతోంది, మంచిదే" అన్నారు ఇంట్లో. "గజ్జి వచ్చింది, మా పిల్లల పక్కన కూచోబెట్టవద్దు" అన్నారు ఇరుగుపొరుగు. పది రోజులు బడి పోయింది. ఈ రెండు మాటలూ తప్పే. ఎందుకు తప్పో చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

దెబ్బ తగిలినప్పుడు చర్మం కింద సన్నని రక్తనాళాలు చిట్లి రక్తం ఊరుతుంది. దీన్నే మన ఇళ్లలో నీల్ పడింది అంటాము. ఆ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను శరీరమే విడగొట్టుకొంటుంది. ముందు ఎరుపు, తర్వాత నీలం, నలుపు, ఆపైన ఆకుపచ్చ, చివరికి పసుపు. కమిలిన చోట దొరికే పసుపురంగు స్ఫటికాలను జర్మనీ వైద్యుడు విర్కో 1847లోనే వర్ణించాడు. ఇంచుమించు రెండు వారాల్లో ఈ సరుకంతా లోపలే సర్దుకొంటుంది. బయటికి పోవలసిన చెడు రక్తమంటూ ఏదీ లేదు.

మానే చోట కొద్దిగా దురద పుట్టడం సహజమే. గాయాన్ని బాగుచేసే కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి, అది నరాల కొసలను రేపుతుంది. కాని పొక్కులు, దద్దుర్లు, నీరు కారడం వేరే సంగతి. వాటికి చాలాసార్లు కారణం దెబ్బ కాదు, దెబ్బ మీద మనం రాసింది.

మన పిడుగురాళ్లలో సున్నం బట్టీలున్నాయి. సున్నం మనకు అన్నం పెట్టింది, నిజమే. కాని సున్నం ఘాటైన క్షారం. కాల్చిన రాయి మీద నీళ్లు పోస్తే ఎంత వేడి పుడుతుందో బట్టీ పనివారికి వేరే చెప్పనక్కరలేదు. అలాంటిదాన్ని కమిలిన లేత చర్మానికి పట్టించి గుడ్డ కడితే చర్మం కాలకేం చేస్తుంది?

ఇక నల్లజీడి, ఉర్దూలో బిలావా. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టే గింజ. దీని నూనె చాలామంది చర్మానికి పడదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికులకు చాకలి గుర్తు తగిలిన చోటల్లా పొక్కులొస్తే, వైద్యులు కారణం ఈ గింజేనని పట్టుకొన్నారు.

ఇక్కడ ఒక లెక్క గమనించాలి. పడని వస్తువు మొదటిసారి తగిలితే దద్దుర్లు వెంటనే రావు. శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపట్టడానికి వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సరిగ్గా అప్పుడే కమిలిన మచ్చ పచ్చబడి మానుతూ ఉంటుంది. అందుకే రాసిన మందును వదిలిపెట్టి దెబ్బ మీద నేరం మోపుతాము. రెండోసారి అదే రాస్తే ఒకటి రెండు రోజుల్లోనే పొక్కుతుంది. నొప్పి బామ్‌లు, అంటించే పట్టీలు, కొన్ని పైపూత మందులు కూడా కొందరికి ఇట్లాగే చేస్తాయి. మిరప కోతలకు వెళ్లే అక్కచెల్లెళ్లు మిరప చేతితో కమిలిన చోట రుద్దుకొంటే మంట, దురద ఇంకా పెరుగుతాయి. ఆ ఘాటు ఉత్త నీళ్లకు పోదు, నూనె రాసి సబ్బుతో కడగాలి.

కాబట్టి ఇది అంటురోగం కాదు. పక్కన కూచున్న పిల్లవాడికి అంటదు. గజ్జి అయితే రాత్రిళ్లు దురద ఎక్కువ, వేళ్ల సందుల్లో వస్తుంది, ఇంట్లో మిగతావారికీ పాకుతుంది. ఈ తేడా తెలిస్తే చాలు, ఒక బిడ్డ వెలి తప్పుతుంది.

చేయవలసింది కొద్దే. దెబ్బ తగిలిన రోజు మంచును గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టాలి. పిసకరాదు. రెండు రోజుల తర్వాత గోరువెచ్చని కాపడం చాలు. దద్దుర్లొస్తే రాసేవన్నీ ఆపి, నెమ్మదిగా కడిగి, తడిగుడ్డ వేయాలి. గోళ్లు కత్తిరించాలి. గోకితే చీము పడుతుంది, చక్కెర జబ్బున్నవారి కాలికి అది పెద్ద ప్రమాదం. దురద మాత్రలు కొన్ని నిద్ర తెస్తాయి, అవి వేసుకొని లారీ తోలరాదు, బట్టీ ఎక్కరాదు. దుకాణంలో అడిగి స్టెరాయిడ్ పూత కొనకండి, తామర ఉంటే దానివల్ల మరింత పాకుతుంది. సున్నపు పొడి చర్మం మీద పడితే ముందు దులిపి, ఆ తర్వాత ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా నీళ్లతో కడగండి. కంట్లో పడితే నూనె పోయకుండా, వెంటనే ధారగా నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి పరుగెత్తండి.

దెబ్బ తగలకుండానే కమిలినా, జ్వరంతో మచ్చలొచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా, దద్దుర్లతో పెదవులు వాచి ఊపిరాడకపోయినా ఒక్క గంట కూడా ఆగరాదు. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దలు తరచుగా కములుతుంటే మాత్ర సొంతంగా మానక డాక్టరుకు చూపాలి.

నానీలను, దాదీలను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వారు ప్రేమతోనే రాశారు. ఆ ప్రేమను ఉంచుకొని సున్నం, నల్లజీడి మాత్రం పక్కన పెడదాం. ఇంటికి వెళ్లి ఈ నాలుగు మాటలూ వారికి మర్యాదగా చెప్పండి.