పరదేశి విద్యార్థికి ఒక గది

 

బౌద్ధం దేశదేశాలకు ఎట్లా వ్యాపించిందో చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ఈ ప్రశ్నకు మనం సాధారణంగా అశోకుని పేరు చెబుతాము, ఆయన పంపిన ధర్మదూతల పేర్లు చెబుతాము. అది సత్యమే. కాని దూత వచ్చి వెళ్లేవాడు, విద్యార్థి ఏళ్ల తరబడి ఉండేవాడు. ధమ్మం సముద్రాలు దాటి నిలిచిందంటే, ఈ గడ్డకు వచ్చి చదువుకుని, గ్రంథాలు వ్రాసుకుని తిరిగి వెళ్లిన పరదేశి విద్యార్థులే అందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. వారు ఇక్కడ ఎక్కడ పడుకున్నారు, ఏమి తిన్నారు, ఎవరు వారికి తలుపు తీశారు, ఎవరు తీయలేదు? చరిత్ర పుస్తకాలలో ఒక వాక్యానికి మించి చోటు దొరకని ఈ ప్రశ్నలే నేటి నా విషయం.

చైనా భిక్షువు ఇత్సింగ్ క్రీ.శ. 671లో కాంటన్ రేవులో ఓడ ఎక్కారు. అప్పటికి ఆయన వయస్సు 36 ఏళ్లు. వెంట వస్తామన్న మిత్రులు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆయన తిన్నగా భారతదేశానికి రాలేదు. సుమత్రా ద్వీపంలోని శ్రీవిజయంలో ఆరు నెలలు ఉండి సంస్కృత వ్యాకరణం నేర్చుకున్నారు. భారతదేశం వెళ్లదలచినవారు ముందుగా అక్కడ ఒకటి రెండేళ్లు అభ్యాసం చేయడం మేలని తరువాత తనవారికి సలహా కూడా ఇచ్చారు. భాష రాకుండా పరాయి విద్యాలయంలో అడుగుపెడితే ఏమవుతుందో, తెలుగు మాధ్యమంలో చదివి ఢిల్లీ తరగతి గదిలో కూర్చున్న మన పిల్లలను అడగండి, చెబుతారు.

673లో ఆయన తామ్రలిప్తిలో దిగారు. కొంతకాలానికి వర్తకులతో కలిసి మగధకు నడుస్తుండగా దారిలో జబ్బు చేసింది. గుంపు ముందుకు సాగిపోయింది, ఆయన వెనుకబడిపోయారు. దొంగలు పట్టుకుని కట్టుబట్టలు కూడా ఒలుచుకుపోయారు. తెల్లని మేనిఛాయ గలవారు దొరికితే బలి ఇస్తారని ఆయన ఎక్కడో విని ఉన్నారు. అందుచేత బురదగుంటలో దిగి, ఒంటినిండా బురద పూసుకుని, ఆకులు కప్పుకుని, కర్ర ఊతగా మెల్లగా నడిచారు. రాత్రి రెండవ జామున ఊరు సమీపించేసరికి, ముందు వెళ్లిన తోటి భిక్షువు ఊరి వెలుపల గొంతెత్తి పిలుస్తూ కనిపించారు. ఆయనే వస్త్రం ఇచ్చి, చెరువులో ఒళ్లు కడిగించి, ఊరిలోకి తీసుకువెళ్లారు.

మేనిరంగు చూసి తనను ఏమి చేస్తారోనని ఒక విద్యార్థి పడిన భయమిది. ఏడవ శతాబ్దపు సంగతి కదా అని దాటిపోవడానికి వీలులేదు. 2014లో ఈ నగరంలోనే, లజ్‌పత్ నగర్‌లో, అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి ఒకరు జుట్టు రంగుపై వెక్కిరింతతో మొదలైన గొడవలో దెబ్బలు తిని మరణించిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఇత్సింగ్ నలందలో సుమారు పదేళ్లు ఉన్నారు. తత్త్వ చర్చల కోసం ఆయన పుస్తకం తెరిచినవారు కొంత నిరాశపడతారు. ఆయన కళ్లు దినచర్య మీద ఉన్నాయి. ఉదయాన్నే పందుంపుల్ల ఎట్లా నమలాలి, త్రాగునీటి కూజా వేరుగా, శౌచానికి వాడే నీటి కూజా వేరుగా ఎందుకు ఉంచాలి, భోజనానికి ముందు ఎంతవరకు చేతులు కడగాలి, ఇవన్నీ ఓపికగా వ్రాశారు. నలంద చుట్టూ పదికి పైగా పెద్ద కొలనులు ఉండేవి. ప్రతి ఉదయం ఘంట మ్రోగగానే భిక్షువులు స్నానపు వస్త్రాలు తీసుకుని వందలుగా అటు వెళ్లేవారు. కాలాన్ని గడియకుడుకతో కొలిచేవారు. చిల్లు ఉన్న రాగి గిన్నెను నీటిమీద తేలవేస్తే, అది నిండి మునిగినప్పుడల్లా భేరి మ్రోగేది. భోజన సమయంలో ఒక్కొక్కరికి ఏడంగుళాల ఎత్తు పీట విడివిడిగా ఉండేది. ఈ దేశీయులు ఉల్లిపాయ తినరని కూడా ఆశ్చర్యంతో నమోదు చేశారు. నేటి ఢిల్లీ మెస్సులలో ఒక పూట భోంచేసి ఉంటే ఆ వాక్యాన్ని తప్పక సవరించేవారు. మూడు వేలకు పైబడిన భిక్షువులు, ఎనిమిది విశాల మందిరాలు, మూడు వందల గదులు, వాటి పోషణకు రెండు వందలకు పైగా గ్రామాలు: ఇది ఆయన చూసిన నలంద.

ఈ లెక్కలో గ్రామాల సంఖ్యను మనం గమనించాలి. ఆ గ్రామాలలో నాటి రైతు, కూలి పండించిన బియ్యంతోనే ఆ విద్య సాగింది. అంతకు ముందే హుయాన్ త్సాంగ్‌కు నలందలో రోజూ 120 తమలపాకులు, 20 పోకచెక్కలు, కర్పూరం, శ్రేష్ఠమైన మహాశాలి బియ్యం అందేవని ఆయన చరిత్రకారుడు వ్రాశాడు. అతిథికి ఇంత మర్యాద చేసిన దేశంలోనే, చండాలురు నగరంలో ప్రవేశించేటప్పుడు తమ రాక తెలిసేట్టు కర్రను మ్రోగించవలసి వచ్చేదని ఐదవ శతాబ్దపు తొలి ఏళ్లలోనే ఫాహియాన్ వ్రాసి ఉంచారు. ఫాహియాన్ కూడా విద్యార్థే. వినయ గ్రంథాల కోసం వచ్చి పాటలీపుత్రంలో మూడేళ్లు సంస్కృతం నేర్చుకున్నారు. బాబాసాహెబ్ 1948 నాటి తన అస్పృశ్యుల గ్రంథంలో అస్పృశ్యత ఎప్పుడు పుట్టిందో తేల్చడానికి ఈ యాత్రికుల సాక్ష్యాన్నే పరిశీలించారు. మన పూర్వికుల బాధకు వ్రాతపూర్వక సాక్ష్యం దొరికిన చోట్లలో పరదేశి విద్యార్థుల పుస్తకాలు కూడా ఉన్నాయన్న మాట.

నలందలో చైనావారితో పాటు, నేటి కొరియాలోని సిల్లా రాజ్యం నుండి వచ్చినవారు కూడా ఉండేవారు. ఇత్సింగ్ ఒకనాడు నలందలో గ్రంథాలు పరిశీలిస్తుండగా ఒక ప్రతి చివర చిన్న వ్రాత కనిపించింది. పందుంపుల్ల చెట్టు క్రింద కూర్చుని దానిని వ్రాసుకున్నవారు సిల్లా భిక్షువు హ్యేఓప్ అని దాని సారాంశం. ఆయన ఎవరని విచారిస్తే, ఇక్కడే అరవై ఏళ్ల ప్రాయంలో కన్నుమూశారని విహారంలోనివారు చెప్పారు. సిల్లాకే చెందిన మరొక భిక్షువు ఆర్యవర్మ డెబ్బై దాటిన వయస్సులో నలందలోనే మరణించారు. తిరిగి ఇంటికి వెళ్లాలన్న కోరిక తీరలేదు. ఇత్సింగ్ ఈ వివరాలు సేకరించి ఉండకపోతే, వేల మైళ్లు నడిచి వచ్చిన ఈ మనుషుల పేర్లు కూడా మనకు మిగిలేవి కావు. ఎనిమిదవ శతాబ్దంలో వచ్చిన సిల్లా భిక్షువు హ్యేచో యాత్రాగ్రంథం 1908లో దున్‌హువాంగ్ గుహలో పాల్ పెలియోకు దొరికింది. దానిలో దేశాల వర్ణనల మధ్య ఇంటి మీద బెంగతో వ్రాసుకున్న పద్యాలు కూడా ఉన్నాయి.

ఇక మనకు రుచించని విషయం ఒకటి చెప్పాలి. పరదేశి విద్యార్థికి అన్ని విహారాల తలుపులూ తెరుచుకోలేదు. సింహళ రాజు బంధువైన భిక్షువు ఒకరు ఈ దేశానికి యాత్రకు వచ్చినప్పుడు, సరిహద్దు దేశపువాడని విహారాలలో ఆయనను తేలికగా చూశారని హుయాన్ త్సాంగ్ వ్రాశారు. ఆ భిక్షువు తిరిగి వెళ్లి రాజుకు చెప్పుకున్నారు. ఫలితంగా సింహళ రాజు బుద్ధగయలో తన దేశపు భిక్షువుల కోసం ఒక మహావిహారమే కట్టించాడు. నాల్గవ శతాబ్దంలో మేఘవర్ణుడు సముద్రగుప్తుని అనుమతి పొంది కట్టించినది ఇదే. ఇతర దేశాల భిక్షువులకు ఇక్కడ తమతమ విహారాలున్నాయనీ, చైనావారికి మాత్రం లేక ఇక్కట్లు పడుతున్నారనీ ఇత్సింగ్ కూడా బాధపడ్డారు. బుద్ధుని శిష్యులలోనే ఈ చిన్నచూపు ఉండేదని ఒప్పుకోవడం వల్ల మన ధమ్మానికి వచ్చే లోటు లేదు. దాచిపెట్టడం చరిత్రకారుని పని కాదు.

దీనికి విరుగుడు మన తెలుగు నేల మీదనే ఉన్నది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఉన్నది. ఆమె రాణి కాదు, గృహిణి. చులధమ్మగిరి మీద రాతిపలకలు పరిచిన చైత్యగృహం కట్టించి, తంబపణ్ణి, అంటే సింహళపు థేరులకు సమర్పించారు. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన దేశాలలో ధమ్మాన్ని ప్రచారం చేసినవారని ఆ థేరులను శాసనం గౌరవంతో స్మరిస్తుంది. అక్కడే సింహళ విహారం అనే పేరుతో ఒక విహారం ఉండేది, దానిలో బోధివృక్షానికి ఆమె మందిరం కట్టించారు. తన దానాల జాబితాను ఆమె చెక్కించిన తీరు చూడండి: ఒకచోట ఒక గది, మరొకచోట మూడు గదులు, ఇంకొకచోట ఏడు గదులు, పూర్వశైలంలో చెరువు, అరుగు, మండపం. నేటి ఘంటసాల అయిన కంటకసేలలో కూడా ఒక రాతి మండపం. ఈ కొండల మీదికి ఎవరు వస్తారో, వారికి ఏమి కావాలో ఆలోచించిన మనిషి వేయించిన జాబితా అది. ఆ లోయలో అధికభాగం నేడు నాగార్జునసాగర్ నీటి క్రింద ఉన్నది. శాసనం మిగిలింది.

ఏడవ శతాబ్దంలో హుయాన్ త్సాంగ్ ధాన్యకటకం వచ్చినప్పుడు సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల వద్ద కొన్ని నెలలు మహాసాంఘికుల అభిధర్మం చదివారు. బదులుగా వారికి మహాయాన శాస్త్రాలు బోధించారు. తరువాత ముగ్గురూ కలిసి యాత్రకు బయలుదేరారు. అప్పటికే అక్కడ చాలా విహారాలు పాడుపడి ఉన్నాయని కూడా ఆయన వ్రాశారు.

బాబాసాహెబ్ పరదేశంలో విద్యార్థిగా ఉన్నప్పటి గదుల సంగతి కూడా స్మరించుకోవాలి. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల వేతనంతో న్యూయార్క్ వెళ్లారు. మొదట హార్ట్‌లీ హాల్, తరువాత భారతీయ విద్యార్థులుండే కాస్మోపాలిటన్ క్లబ్, ఆ తరువాత నవల్ భతేనా అనే పార్శీ మిత్రునితో లివింగ్‌స్టన్ హాల్. ఎక్కడా ఆయన పుట్టుక అడ్డం రాలేదు. 1917లో స్వదేశానికి తిరిగి వచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే తల దాచుకోవడానికి గది దొరకలేదు. పేరు దాచి ఒక పార్శీ సత్రంలో ఉంటే, 11వ రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆశ్రయం అడిగితే ఇద్దరు మిత్రులూ ఏదో సాకు చెప్పారు. రాత్రి రైలు వచ్చేదాకా ఆయన కామాఠీ బాగ్‌లో కూర్చున్నారు. స్వదేశమే ఆయనకు పరదేశమైంది.

ఇప్పుడు ఈ నగరానికి వద్దాము. బుద్ధ జయంతి 2500వ సంవత్సరపు ఉత్సవాల వెనువెంట, 1957లో, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బౌద్ధ అధ్యయన విభాగం ఏర్పడింది. గ్రేటర్ నోయిడాలోని గౌతమ బుద్ధ విశ్వవిద్యాలయంలో కూడా అటువంటి విభాగం ఉన్నది. మయన్మార్, వియత్నాం, థాయిలాండ్, శ్రీలంక, బంగ్లాదేశ్ భిక్షువులు, భిక్షుణులు అక్కడ చదువుకుంటున్నారు. విశ్వవిద్యాలయ మెట్రో స్టేషన్‌లో కాషాయాలు కనిపించని రోజు అరుదు. వారు వచ్చిన 14 రోజులలోపు విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. ఇల్లు అద్దెకు ఇచ్చినవారు వారి బస వివరాల ఫారం నింపాలి. ఆ పని అంటేనే జంకి గది ఇవ్వని యజమానులు ఉన్నారు. థేరవాద భిక్షువుకు మధ్యాహ్నం దాటితే భోజనం లేదు. పన్నెండున్నర దాకా తరగతి సాగితే ఆనాటికి పస్తే. ఉష్ణదేశం నుండి వచ్చినవారికి జనవరి చలి ఎట్లా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

అదే వీధులలో మన జిల్లాల నుండి వచ్చిన పిల్లలు తిరుగుతుంటారు. ముఖర్జీ నగర్‌లోనో మునిర్కాలోనో గది అడిగితే మొదట ఇంటిపేరు అడుగుతారు, తరువాత మాంసం వండుతారా అని అడుగుతారు. రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటే. వియత్నాం భిక్షుణికి, గుంటూరు జిల్లా దళిత విద్యార్థికి తలుపు మూసేది ఒకే చేయి కావచ్చు. అయినా వారిద్దరికీ పరిచయం లేదు. మనం ప్రతి పున్నమికి త్రిశరణం పఠిస్తాము. కాని మన వందనకు ఏనాడైనా ఆ విద్యార్థులను పిలిచామా? పాలి వచ్చినవారు రెండు కిలోమీటర్ల దూరంలో ఉండగా, మన పిల్లలు సుత్తాలను ఫోనులో విని ఉచ్చారణ నేర్చుకుంటున్నారు.

ఈ సంవత్సరం సమకూడిన విరాళాలతో పెద్ద విగ్రహం ప్రతిష్ఠించాలని కొందరు పెద్దలు అనుకుంటున్నారు. వారి శ్రద్ధ మీద నాకు గౌరవం ఉన్నది. అయినా ఈ సభాముఖంగా విభేదిస్తున్నాను. మన విహారంలో విగ్రహం ఇప్పటికే ఉన్నది, గది లేదు. ఆ సొమ్ముతో ఉత్తర ప్రాంగణానికి దగ్గరలో ఒక ఇంటిని అద్దెకు తీసుకోవచ్చు. నాలుగు గదులు చాలు. రెండు గదులు మన విద్యార్థులకు, రెండు పరదేశి భిక్షువులకో భిక్షుణులకో. ఆ ఫారం, పోలీసు పరిశీలన పనులు చూడడానికి మనలో ప్రభుత్వోద్యోగులు చాలామంది ఉన్నారు, ఒకరు ముందుకు వస్తే చాలు. పదకొండు గంటలకు వంట పూర్తయ్యేట్టు చూసుకోవాలి. ఆదివారం ఒక గంట పాలి నేర్పితే, మన పిల్లలు వారికి హిందీ, కావాలంటే తెలుగు, నేర్పుతారు. ధాన్యకటకంలో జరిగిన ఏర్పాటు ఇంచుమించు ఇదే. గది తలుపు మీద దాత పేరు వ్రాయించాలనుకునేవారు వ్రాయించుకోవచ్చు, బోధిసిరి కూడా వ్రాయించుకున్నారు. ఈ ప్రతిపాదనను కార్యవర్గం తన తదుపరి సమావేశంలో చర్చకు తీసుకోవాలని కోరుతున్నాను. లెక్కలు అడిగితే కాగితం మీద వేసి తెచ్చాను, సభ ముగిసిన తరువాత చూపగలను.

నమో బుద్ధాయ. జై భీమ్.