బొగ్గున్న దేశమున సూర్యవిద్యుత్తు
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో గావించిన ప్రసంగము)



మన పిల్లలు ఏ విద్య నేర్చినచో రేపు నిలువగలరని మనమందరము యోచించుచున్నాము. ఆ యోచనకు తోడ్పడునని ఆస్ట్రేలియా దేశపు అనుభవమును నేడు మీకు మనవి చేయుచున్నాము.

ఆ దేశమున బొగ్గు, ఇనుప ఖనిజము, సహజవాయువు, యురేనియము విస్తారముగా గలవు. బొగ్గును ఎగుమతి చేయు దేశములలో అది నేటికిని అగ్రశ్రేణిలో నున్నది. అట్టి దేశమునకు ఎండను, గాలిని ఆశ్రయింపవలసిన అగత్యమేమి? పాత బొగ్గు కేంద్రములు శిథిలమగుచున్నవి. వాని స్థానమున క్రొత్తవి కట్టుటకంటె గాలిమరలు, సౌరఫలకములు చౌక. పైగా బొగ్గుపొగ భూమిని వేడెక్కించుచున్నది.

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమున చివరి బొగ్గు విద్యుత్కేంద్రము 2016 మే నెలలో మూతపడినది. ఆ సెప్టెంబరులోనే పెనుగాలులకు విద్యుత్తు తీగెల గోపురములు కూలి, రాష్ట్రమంతయు చీకటిలో మునిగినది. గాలిని నమ్మిన ఫలమిదియే యని కొందరు ఆక్షేపించిరి. అయినను ఆ రాష్ట్రము వెనుదిరుగలేదు. 2017లో హార్న్స్‌డేల్ వద్ద 100 మెగావాట్ల బ్యాటరీని నెలకొల్పినది. నేడచ్చటి విద్యుత్తులో సుమారు 70 శాతము గాలినుండి, ఎండనుండి లభించుచున్నది. దేశమంతట దాదాపు మూడిండ్లకొక యింటి కప్పుపై సౌరఫలకములు గలవు.

అయితే ఈ అభివృద్ధికి మూల్యము చెల్లించిన వారును కలరు. విక్టోరియా రాష్ట్రమందలి హేజెల్‌వుడ్ కేంద్రమును మూయుదుమని 2016 నవంబరులో ప్రకటించి, 2017 మార్చిలోనే మూసివేసిరి. సుమారు 750 మంది కార్మికులకు దొరకిన గడువు ఐదు నెలలు మాత్రమే. తరతరములుగా బొగ్గుతో బ్రతికిన కుటుంబములకు ఐదు నెలలలో క్రొత్త వృత్తి ఎట్లు అలవడును? తరువాత, పెద్ద కేంద్రములను మూయదలచువారు కనీసము మూడేండ్లు ముందుగా తెలుపవలెనను నియమము ఏర్పడినది. దేశమునకు మేలైన మార్పు కూడ, ముందుచూపు లేనిచో కొన్ని యిండ్లకు కష్టము తెచ్చునని దీనివలన తెలియుచున్నది.

మరియొక సంగతి. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున ఆచార్య మార్టిన్ గ్రీన్ బృందము 1980లలో రూపొందించిన సౌరఘటపు విధానము నేడు లోకమంతట వ్యాపించినది. కాని ఆ ఫలకములలో అధికభాగము తయారగుచున్నది చైనాలో! విద్య పుట్టిన చోటనే దాని ఫలము నిలుచునను నిశ్చయము లేదు. నేర్చి ఆచరణలో పెట్టిన వారికే అది దక్కును.

కనుక తల్లిదండ్రులకు మా మనవి యిది. పిల్లలను ఒకే వృత్తికి కట్టివేయక, జీవితాంతము క్రొత్తది నేర్చుకొను శక్తి నీయుడు. దీపము వెలిగినపుడు ఆ విద్యుత్తు ఎచ్చటినుండి వచ్చెనో వారిని అడుగుడు. ఇంట తెలుగులోనే చర్చించుడు. బడిలో ఏ భాషలో చదివినను, తల్లిభాషలో తర్కించి గ్రహించిన శాస్త్రము మనసున నాటుకొనును. గనులు ఒకనాటికి తరుగును. నేర్చుకొను అలవాటు తరుగదు.