బస్తాపై వ్రాసిన ‘బూడిద’



కుక్కపిల్లల మేతను గూర్చి సంఘసమావేశమున మాటలాడుట వింతగ తోచవచ్చును. కాని మనలో అనేకుల యిండ్లలో నేడు కుక్కయో పిల్లియో ఉన్నది. దుకాణపు గుళికల మేతయు వచ్చినది.

గడచిన యేడు మా యింటికొక పెద్దజాతి కుక్కపిల్ల వచ్చినది. గుళికలు పెట్టుచునే, ఎముకలు గట్టిపడునని ఎవరో చెప్పగా, వానిపై కాల్షియము పొడి చల్లితిమి. అయిదవ నెలలో ముందుకాళ్లు వంకరపోయినవి. పశువైద్యులు పిల్లను చూచి, ముందు మేత బస్తాను తెమ్మనిరి. ఆనాడు నేర్చుకొన్నదానినే మనవి చేయుచున్నాము.

బస్తాపై ‘క్రూడ్ యాష్’, అనగా బూడిద, అని యొక పంక్తి యుండును. వర్తకుడు బూడిద కలిపెనని కోపింపవలదు. మేతను సుమారు 550 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో కాల్చగా మాంసకృత్తులు, క్రొవ్వు, పిండి మండిపోయి మిగిలిన ఖనిజముల మొత్తమే అది. మొత్తమెంతయో తెలుపునే గాని అందు కాల్షియమెంతయో, భాస్వరమెంతయో తెలుపదు. ఆ రెండును వేరుగా ముద్రించిన బస్తానే కొనుట మేలు.

ఆ రెంటిని జంటగా చూడవలెను. అమెరికాలోని మేతనియంత్రణాధికారుల సంఘపు ప్రమాణములలో, తేమ తీసివేసిన లెక్కను, ఎదుగు కుక్కపిల్లకు కాల్షియము నూటికి కనీసము 1.2, భాస్వరము 1 ఉండవలెను. ఎదిగిన కుక్కకు 0.5, 0.4 చాలును. కాల్షియము భాస్వరమునకు తగ్గరాదు, రెట్టింపునకు మించరాదు. పెద్దజాతి పిల్లలకు కాల్షియము 1.8 దాటరాదు. పసిపిల్ల ప్రేగులు అక్కరకు మించిన కాల్షియమును నిరోధింపలేవు. 1985లో నెదర్లాండ్సులోని ఉట్రెక్టు పరిశోధకులు గ్రేట్ డేను పిల్లలకు అధిక కాల్షియము పెట్టి చూడగా ఎముకల పెరుగుదల చెడినది. సంపూర్ణాహారమని వ్రాసిన మేతపై మేము పొడి చల్లుట ఇదే తప్పు.

అన్నము, ఎముకలేని మాంసము మాత్రమే పెట్టువారిది దీనికి విరుద్ధమైన పొరపాటు. మాంసమున భాస్వరము కాల్షియమునకు పదిరెట్లు దాటియుండును. ఆ కొరతను శరీరము తన ఎముకలనుండియే తీర్చుకొనును. హోసూరు, కోలారు ప్రాంతములవారు రాగిసంకటి పెట్టుదుమందురు. రాగులలో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు, నిజమే. అయినను గింజలోని ఫైటేటు దానిలో కొంత పట్టియుంచును గనుక సంకటి యొక్కటే చాలదు.

పిల్లుల సంగతి వేరు. మెగ్నీషియము, అమోనియము, ఫాస్ఫేటు కలిసి వాని మూత్రాశయమున స్ట్రువైటు రాళ్లగును. 1980 తరువాత మేతలో మెగ్నీషియము తగ్గించి, మూత్రము ఆమ్లమగునట్లు చేసిరి. ఆ రాళ్లు తగ్గినవి గాని కాల్షియము ఆక్సలేటు రాళ్లు హెచ్చినవి! ఎండు గుళికలలో తేమ నూటికి పదిపాళ్లే గనుక నీటిగిన్నె వట్టిపోరాదు. మగపిల్లి మూత్రము వెడలక బాధపడినచో తెల్లవారువరకు ఆగక వైద్యుని కడకు కొనిపోవలెను.

పొడి మానిన పిమ్మట మా పిల్లకు కుడికాలు చక్కబడినది. ఎడమకాలు కొంచెము వంకరగనే యున్నది. బస్తాపై ఇంగ్లీషు పంక్తులు చదువ కష్టమైనవారు ఆ భాగమును కత్తిరించి వచ్చే ఆదివారము తెచ్చినచో మేము చదివి చెప్పెదము.